కోటకీ బజారుకీ మధ్య: విజయనగరంలో ఒక వ్యాపారి ఎమ్మెల్యే రాజకీయం

2004 ఎన్నికల్లో విజయనగరం టౌన్ సీటులో వచ్చిన రిజల్ట్ చాలామందికి ఇప్పటికీ గుర్తుండే ఉంటది. 1978లో జనతా పార్టీ తరఫున మొదటిసారి గెలిచి, తర్వాత టీడీపీలోకి వచ్చి 1983, 85, 89, 94, 99 అన్నీ వరసగా గెలుచుకుంటూ వచ్చిన, విజయనగరం రాజుల కుటుంబానికి చెందిన పూసపాటి అశోక్ గజపతిరాజు గారు ఆ ఏడాది ఓడిపోయారు, అదీ ఏదో పెద్ద పార్టీ అభ్యర్థి చేతిలో కాదు, కోలగట్ల వీరభద్రస్వామి అనే ఇండిపెండెంట్ చేతిలో. రాజులు కాదు, జమీందార్లు కాదు, పట్నంలో వ్యాపారం చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన మనిషి. రాష్ట్రమంతా టీడీపీ 47 సీట్లకి పడిపోయిన ఎన్నిక అది, కాబట్టి గాలి కూడా ఒక కారణమే, కాదనలేం. కానీ గాలి ఉన్నంత మాత్రాన ఇండిపెండెంట్లు గెలిచిపోరు కదా, ఆ గాలి మామూలుగా కాంగ్రెస్ గుర్తు వైపు పోవాలి. ఇక్కడ ఒక వ్యాపారి పేరు మీదకి వచ్చింది. ఎందుకలా జరిగింది, ఆ తర్వాత ఇరవై ఏళ్లలో అదే మనిషి ఎలా ఎదిగి ఎలా కిందకి వచ్చారు అన్నది చూస్తే ఉత్తరాంధ్రలో వ్యాపారం నుంచి రాజకీయాల్లోకి వచ్చేవాళ్ల బలం ఎక్కడుందో, ఆ బలం ఎక్కడ ఆగిపోతదో బాగా తెలుస్తది.

ముందు కోట సంగతి. విజయనగరంలో కోట అంటే రాళ్లూ బురుజులూ మాత్రమే కాదు. అశోక్ గారి తండ్రి పీవీజీ రాజు గారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని, ఆస్తుల్ని చదువులకి ఇచ్చేశారు. ఎంఆర్ (మహారాజా) కాలేజీలో చదువుకున్న తాతలు, తండ్రులు, పిల్లలు ఒకే ఇంట్లో కనబడతారు. 1919లో పెట్టిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఇవన్నీ ఆ కుటుంబం పేరుతోనే ముడిపడి ఉన్నాయి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పెద్ద మాను) తిరిగేటప్పుడు చూడండి, కోవెల దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తది, రాజుల కుటుంబం కోట బురుజు మీద నుంచి దణ్ణం పెట్టుకుంటారు, జిల్లాలో ఇంకో పెద్ద నాయకుడు బొత్స సత్యనారాయణ గారి కుటుంబం డీసీసీబీ (జిల్లా సహకార కేంద్ర బ్యాంకు) మేడ మీద నుంచి చూస్తూ వచ్చారు. లక్షల మంది జనం కింద నిలబడి అమ్మవారితో పాటు ఎవరు ఎక్కడ నిలబడ్డారో కూడా చూస్తారు. ఈ ఊళ్లో హోదా అనేది అంత బాహాటంగా కనబడే విషయం.

ఇలాంటి ఊళ్లో రాజుగారి మీద గెలవాలంటే గొప్ప పేరు మీద గెలవలేరు, ఎందుకంటే దానికి ఆయనే పెద్ద. నిజాయితీ మీద కూడా కష్టమే, అశోక్ గారికి ఆ విషయంలో ప్రత్యర్థులు కూడా వేలెత్తి చూపించలేని పేరుంది. మరి ఇంకేం మిగిలింది అంటే, అందుబాటు. ఎప్పుడెళ్లినా దొరకడం. రాజుగారిని కలవాలంటే అశోక్ బంగ్లాకి వెళ్లాలి, గౌరవంగా మాట్లాడతారు, న్యాయమైన పనైతే చేస్తారు, కానీ సామాన్యుడికి ఆ గేటు దాటడానికే ఒక జంకు ఉంటది. వ్యాపారి అలా కాదు. కొట్టు తలుపులు తీసి ఉంటాయి, ఎవరైనా ఎక్కొచ్చు.

ఇక్కడ ఒక లెక్క చాలామంది పట్టించుకోరు. విజయనగరం టౌన్ సీటులో క్షత్రియుల ఓట్లు తక్కువ, వైశ్యుల ఓట్లూ తక్కువే. ఎక్కువ ఓట్లు బీసీలవి. అంటే కోట వైపున్నా బజారు వైపున్నా సొంత కులం ఓటుతో ఎవరూ గెలవలేరు, ఇద్దరూ వేరేవాళ్ల ఓట్ల మీదే బతకాలి. కోట ఆ ఓట్లని సంస్థల ద్వారా, పాత గౌరవం ద్వారా సంపాదించింది. బజారు వైపు నుంచి వచ్చిన మనిషికి సంస్థలు లేవు, రోజువారీ పనులే ఆధారం. కులం బలం లేని నాయకుడు పని చెయ్యక తప్పదు, ఈ మాట విజయనగరం విషయంలో రెండు వైపులా నిజమే.

ఎమ్మెల్యే దగ్గరకి జనం దేనికొస్తారో దగ్గర నుంచి చూడనివాళ్లకి ఇది అర్థం కాదు. చట్టాల గురించి ఎవరూ రారు. ఒక సాధారణ పొద్దున్న తీసుకుంటే, ఆటో తోలుకునే ఆయన తండ్రికి ఆపరేషన్ అయింది, ఆరోగ్యశ్రీలో ఆ జబ్బు రాలేదు, ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టాలి. దానికి ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు కావాలి, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు కావాలి, వాటన్నిటి మీద ఎమ్మెల్యే సిఫార్సు లెటర్ కావాలి. బిల్లు మీద ఆసుపత్రి స్టాంపు లేకపోతే ఫైలు వెనక్కొచ్చేస్తది, మళ్లీ వైజాగ్ వెళ్లి స్టాంపు వేయించుకుని రావాలి, ఒక రోజు కూలి పోయినట్టే. పక్కన ఇంకొకామె, పింఛను ఆగిపోయింది వేలిముద్ర పడట్లేదని. ఇంకొకరికి మున్సిపాలిటీ వాళ్లు కొట్టు ముందు అరుగు తీసెయ్యమని నోటీసు ఇచ్చారు. ఈ పనుల్లో తొంభై శాతం ఒక ఫోన్ కాల్, ఒక సంతకం, లేదా పలానా సెక్షన్లో పలానా క్లర్కుని కలవండి అని చెప్పే మాట. వ్యాపారంలో పెరిగినవాళ్లకి ఇది కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు. వచ్చినవాణ్ని వట్టి చేతులతో పంపకూడదు, చిన్న బేరమైనా వదులుకోకూడదు, మొహం గుర్తుపెట్టుకోవాలి, ఏడాది తర్వాత కనబడినా మీ నాన్నకెలా ఉంది అని అడగాలి. ఈ అలవాటుని తక్కువ చేసి చూడకూడదు, పేదవాడికి ప్రభుత్వం అనేది చాలాసార్లు ఆ గుమ్మం దగ్గరే మొదలవుతది.

అయితే 2004 గెలుపు ఒంటరిగా వచ్చింది గాని దాన్ని ఒంటరిగా నిలబెట్టుకోవడం కుదరలేదు. ఇండిపెండెంట్ ఎమ్మెల్యేకి నిధులు కావాలన్నా, అధికారి మాట వినాలన్నా అధికార పార్టీ అండ కావాలి. 2009 నాటికి కోలగట్ల కాంగ్రెస్ టికెట్ మీదే నిలబడ్డారు, ఈసారి అశోక్ గజపతిరాజు గారే గెలిచారు. 2014లో రాజుగారు ఎంపీగా వెళ్లి కేంద్రంలో పౌర విమానయాన మంత్రి అయ్యారు, అసెంబ్లీకి టీడీపీ నుంచి మీసాల గీత గారు నిలబడి వైసీపీలోకి మారిన కోలగట్లని ఓడించారు. అంటే వరసగా రెండు ఓటములు. మామూలుగా అయితే అక్కడితో మనిషి రాజకీయం ముగిసిపోవాలి. కానీ ముగియలేదు, వైసీపీ ఎమ్మెల్సీ చేసి పెట్టింది. ఎమ్మెల్సీ పదవి ఇలాంటి నాయకులకి ఎంత అవసరమో బయటివాళ్లకి తెలీదు. నియోజకవర్గంలో గెలవకపోయినా ప్రొటోకాల్ ఉంటది, కలెక్టరేట్ మీటింగుకి కుర్చీ ఉంటది, లెటర్‌హెడ్ ఉంటది, అన్నిటికంటే ముఖ్యంగా పొద్దున్నే ఇంటికొచ్చే జనం రావడం మానరు. ప్రతిపక్షంలో ఉన్న ఆ ఐదేళ్లూ గుమ్మం మూతపడకుండా కాపాడింది అదే. 2019లో అసెంబ్లీకి గెలిచాక ఆ ఎమ్మెల్సీ సీటు ఖాళీ చేశారు.

2019 పోటీ మళ్లీ కోటతోనే. టీడీపీ సిట్టింగ్ ఎమ్మెల్యే గీత గారిని పక్కనపెట్టి అశోక్ గారి కూతురు అదితి గజపతిరాజు గారికి టికెట్ ఇచ్చింది. కోలగట్ల ఆరు వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. జిల్లాలో 9కి 9 సీట్లు వైసీపీ తుడిచిపెట్టేసిన ఎన్నిక అది, అశోక్ గారు కూడా ఎంపీగా ఓడిపోయారు. అంత గాలిలో కూడా టౌన్‌లో మెజారిటీ ఆరు వేలే అంటే కోట పునాది ఎంత గట్టిదో ఆలోచించాలి. అప్పటి లెక్కలు చూసి ఇక కోట పనైపోయింది అనుకున్నవాళ్లు ఈ అంకెని సరిగ్గా చదవలేదు.

అసలు కథ ఆ తర్వాత ఐదేళ్లలో ఉంది. సొంత పార్టీ ప్రభుత్వం వచ్చింది, కార్పొరేషన్ చేతికొచ్చింది, కోలగట్ల కూతురు శ్రావణి గారు డిప్యూటీ మేయర్ అయ్యారు, పైకి చూస్తే బజారు వైపు ఇంత బలం ఎప్పుడూ లేదు. కానీ అదే టైంలో ఆ బలం అడుగు నుంచి కరిగిపోవడం మొదలైంది, దానికి కారణం ప్రతిపక్షం కాదు, ప్రభుత్వం పనిచేసే పద్ధతే మారిపోవడం. 2019 ఆగస్టులో వాలంటీర్లు వచ్చారు, అక్టోబరులో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. యాభై ఇళ్లకి ఒక వాలంటీర్ లెక్కన పింఛను ఇంటికే, పథకం డబ్బు బటన్ నొక్కితే నేరుగా అకౌంటులోకి. జనానికి ఇది మేలే, ముసలావిడ లైన్లో నిలబడే పని తప్పింది, ఆ సంగతి ఒప్పుకుని తీరాలి. కానీ ఎమ్మెల్యే గుమ్మానికి రావాల్సిన పని కూడా తప్పింది. డబ్బు తాడేపల్లిలోని ముఖ్యమంత్రి ఆఫీసు నుంచి వచ్చేది, ఇచ్చేది వాలంటీరు, మధ్యలో ఎమ్మెల్యే ఎవరు? పేరున్న వంశం నుంచి వచ్చిన నాయకుడికి దీనివల్ల పెద్ద నష్టం లేదు, ఆయన మీద గౌరవం ఇంకో చోట నుంచి వస్తది. రోజువారీ పనుల మీదే పైకొచ్చిన నాయకుడికి మాత్రం కాళ్ల కింద నేలే జరిగిపోయినట్టు. పార్టీ పెద్దలకి కూడా ఇది లేటుగా అర్థమైనట్టుంది, 2022 మేలో గడప గడపకు మన ప్రభుత్వం అని మొదలుపెట్టి ఎమ్మెల్యేలని వీధుల్లో తిప్పారు, సచివాలయానికి 20 లక్షల చొప్పున పనులకి ఇస్తామన్నారు. కానీ మూడేళ్లు గడిచిపోయాక గడపకెళ్తే జనం చెప్పింది కాలువల గురించి, రోడ్ల గురించి, నీళ్ల గురించి.

ఇంకో పక్క కోటతో గొడవలు. 2020 మార్చిలో మాన్సాస్ చైర్‌పర్సన్‌గా అశోక్ గారిని తీసేసి ఆయన అన్న కూతురు సంచయిత గజపతిరాజు గారిని ప్రభుత్వం పెట్టింది, 2021 జూన్లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసి అశోక్ గారినే మళ్లీ కూర్చోబెట్టింది. ఈ నిర్ణయాలు విజయనగరం ఎమ్మెల్యేవి కావు, రాష్ట్రస్థాయిలో జరిగినవి. కానీ ఊళ్లో వాటి బరువు మోయాల్సింది ఆయనే. 2020 మేలో మూడు లాంతర్ల దగ్గర రాజుల కాలం నాటి పాత కట్టడం తీసేసినప్పుడు చూడండి. జంక్షన్ డెవలప్‌మెంట్ కోసం అన్నారు అధికారులు. మార్కెట్ పక్కనే, రోజూ సరుకు దింపుకునే రిక్షావాళ్లు, పూలమ్మేవాళ్లు, జనమంతా దారి చెప్పుకోడానికి వాడే గుర్తు అది. రాజులంటే పెద్దగా పట్టింపు లేని మనిషికి కూడా అది మన ఊరి గుర్తు కదా అనిపించింది. కోటని ఎదిరించి గెలవడం ఒక ఎత్తు, కోట జ్ఞాపకాల మీద చెయ్యి పడ్డట్టు కనబడటం ఇంకో ఎత్తు. విజయనగరంలో రాజుగారికి ఓటెయ్యనివాళ్లు కూడా కోటని తమదే అనుకుంటారు, దీన్ని పార్టీ అర్థం చేసుకోలేదు.

సొంత బజారు వైపు కూడా పరిస్థితి మారింది. 2020 చివర్లో చట్టం మార్చి ఆస్తిపన్నుని ఆస్తి విలువ మీద వేసే పద్ధతి తెచ్చారు, ఏటా పెంపు 15 శాతం దాటకుండా అన్నారు గాని ఏటా పెరగడం మాత్రం ఖాయం. 2021 అక్టోబరులో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో చెత్త బండ్లు వచ్చాయి, పట్నాల్లో చెత్తకి నెలనెలా చార్జీ వచ్చింది. కిరాణా కొట్టు పెట్టుకున్నవాడి దృష్టిలో ఇది చూడాలి. జీఎస్టీ రిటర్నులు రాసే అకౌంటెంటుకి నెల డబ్బులు, కరెంటు బిల్లు, అద్దె, వీటి మీద మళ్లీ చెత్త పన్ను, కట్టకపోతే సచివాలయం వాళ్లు వచ్చి కొట్టు ముందు నిలబడి అడుగుతారు. మొత్తం చిన్నదే కావచ్చు, కానీ మన వ్యాపారి ఎమ్మెల్యేగా ఉండగా మనకి ఇదేంటి అన్న బాధ పెద్దది. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2024లో చెత్త పన్ను ఎత్తేస్తున్నాం అని ప్రకటించిందంటే అది ఎంత చెడ్డపేరు తెచ్చిందో తెలుస్తది.

2022 సెప్టెంబరులో కోలగట్ల డిప్యూటీ స్పీకర్ అయ్యారు, ఏకగ్రీవంగా. అదే ఏడాది ఏప్రిల్లో మంత్రివర్గం మార్చినప్పుడు వైశ్యుల నుంచి ఉన్న వెలంపల్లి శ్రీనివాస్ గారిని తీసేశారు, ఆ లోటు పూడ్చడానికే కోన రఘుపతి గారి చేత రాజీనామా చేయించి ఈయన్ని కూర్చోబెట్టారని అప్పట్లో అందరూ అనుకున్నదే. గౌరవం పెద్దదే, కాదనక్కర్లేదు. కానీ ఆ కుర్చీ నుంచి ఒక కాలువకి నిధులు రావు, ఒక ట్రాన్స్‌ఫర్ జరగదు. జిల్లాలో మంత్రి పదవి, పెద్దరికం బొత్స సత్యనారాయణ గారి దగ్గరే ఉండిపోయాయి. టౌన్ ఎమ్మెల్యేకి సభలో కుర్చీ దొరికింది, జిల్లాలో నిర్ణయం తీసుకునే చోటు దొరకలేదు. వ్యాపారి నాయకులకి పార్టీలు చాలాసార్లు ఇచ్చేది ఇలాంటి పదవులే, సామాజిక సమతుల్యం చూపించుకోడానికి పనికొచ్చేవి, పని చేసి చూపించడానికి పనికిరానివి.

2024 రిజల్ట్ అందరికీ తెలిసిందే. అదితి గజపతిరాజు గారు 60,609 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఐదేళ్ల కింద ఇదే ఇద్దరి మధ్య ఆరు వేలు అటుంటే ఇప్పుడు అరవై వేలు ఇటు. దీన్ని చూసి కోట తిరిగొచ్చింది అని రాసినవాళ్లున్నారు, అది సగమే నిజం. 2022లో జిల్లాల విభజనకి ముందున్న పాత జిల్లాలో 9కి 9 ఈసారి టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి గెలిచింది, చీపురుపల్లిలో బొత్స గారే ఓడిపోయారు. టికెట్ దక్కని మీసాల గీత గారు ఇండిపెండెంట్‌గా నిలబడినా కూటమి మెజారిటీకి ఏ లోటూ రాలేదు. 2004లో ఇదే ఊరు ఒక ఇండిపెండెంట్‌ని గెలిపించింది, 2024లో మాజీ ఎమ్మెల్యే ఇండిపెండెంట్‌గా వస్తే లెక్కలోకే తీసుకోలేదు. ఈ ఇరవై ఏళ్లలో మారింది ఇదే. ఓటు మనిషిని వదిలేసి పూర్తిగా గుర్తు మీదకి, రాష్ట్రంలో ముఖ్యమంత్రి ఎవరు అన్న ప్రశ్న మీదకి వెళ్లిపోయింది. 2004 నాటి కోలగట్ల అదే బలంతో ఇవాళ ఒంటరిగా నిలబడితే గెలవడం దాదాపు అసాధ్యం.

ఖర్చు కూడా అలాగే మారింది. 2004లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 10 లక్షలు, 2014 నాటికి 28 లక్షలు, 2022 నుంచి 40 లక్షలు. ఇవి కాగితం మీద అంకెలు, పైగా పార్టీ పెట్టే ఖర్చుకి పరిమితే లేదు. నిజంగా ఎంతవుతదో ఊళ్లో అందరూ మాట్లాడుకుంటూనే ఉంటారు. బజారులో కొట్టు మీద సంపాదించిన డబ్బు ఈ ఆటకి సరిపోయే రోజులు పోయాయి, అందుకే జిల్లాలో ఇప్పుడొస్తున్న వ్యాపారి ఎమ్మెల్యేలు వేరే రకం. గజపతినగరంలో కొండపల్లి శ్రీనివాస్ గారు, ఆయన తాత పైడితల్లినాయుడు గారు మూడుసార్లు ఎంపీ, ఈయన అమెరికాలో ఉద్యోగ వ్యాపారాల అనుభవంతో వచ్చి మొదటిసారి గెలవగానే ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమలు), సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), ఎన్ఆర్ఐ వ్యవహారాల మంత్రి అయ్యారు. నెల్లిమర్లలో జనసేన నుంచి గెలిచిన లోకం నాగమాధవి గారిది మిరాకిల్ సాఫ్ట్‌వేర్ కుటుంబం, అఫిడవిట్‌లో వందల కోట్ల ఆస్తులు చూపించినవాళ్లు. వీళ్లని తప్పుపట్టడానికి కాదు ఇది, చదువుకున్నవాళ్లు, బయట కంపెనీ నడిపినవాళ్లు రావడం మంచిదే. కానీ వాళ్ల వ్యాపారం ఈ ఊరి బజారు మీద ఆధారపడి లేదు. బజారు వ్యాపారికి జనంతో చెడితే కొట్టు కూడా దెబ్బతింటది, ఆ భయమే ఒక అదుపు. బయట దేశంలో వ్యాపారం ఉన్న నాయకుడి మీద ఆ అదుపు ఉండదు, దాని బదులు ఇంకేదో ఉండాలి.

ఇదే గడ్డ మీద ఇంకో దారి కూడా ఉంది, చూస్తే ఆసక్తిగా ఉంటది. రాజాంలో జనపనార వ్యాపారంతో మొదలుపెట్టిన గ్రంధి మల్లికార్జునరావు గారు ఎన్నికల్లో నిలబడలేదు, జీఎంఆర్ పేరుతో ఎయిర్‌పోర్టులు కట్టారు, ఇప్పుడు భోగాపురం ఎయిర్‌పోర్టు కూడా ఆ సంస్థదే. ఊరిని మించి పెరిగిన వ్యాపారం ఊరి రాజకీయానికి దూరంగా ఉండగలదు, ఊరితో ముడిపడిన వ్యాపారమే కౌన్సిల్లోనో అసెంబ్లీలోనో సీటు వెతుక్కుంటది.

చట్టం ఈ విషయంలో ఏం చెప్తదంటే, ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో సెక్షన్ 9ఏ ప్రకారం ప్రభుత్వానికి సరుకు సప్లై చెయ్యడానికో పనులు చెయ్యడానికో సొంత వ్యాపారంగా కాంట్రాక్టు నడుస్తున్న మనిషి ఎమ్మెల్యేగా ఉండకూడదు. వినడానికి గట్టిగా ఉంటది. కానీ అదే కాంట్రాక్టు ఒక లిమిటెడ్ కంపెనీ పేరు మీద ఉండి, ఎమ్మెల్యే అందులో వాటాదారో డైరెక్టరో అయితే ఆ సెక్షన్ సాధారణంగా పట్టుకోలేదు, కంపెనీ చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. ఈ సెక్షన్ రాసినప్పుడు మనసులో ఉన్నది కాంట్రాక్టరు, సప్లయరు. ఇప్పుడొస్తున్నది కంపెనీలు, ట్రస్టులు, కాలేజీలు, రియల్ ఎస్టేట్ వెంచర్లు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26లో ఆస్తులే కాదు ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో, భార్యాభర్తలకి ప్రభుత్వ కాంట్రాక్టులున్నాయో కూడా చెప్పాలి, ఐదేళ్ల ఇన్‌కం ట్యాక్స్ వివరాలూ ఇవ్వాలి. ఓటరుకి ఉపయోగపడే కాగితం అది, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో దొరుకుతది, కానీ కొత్తది మళ్లీ వచ్చేది తర్వాత నామినేషన్ రోజునే. మధ్యలో ఐదేళ్లు ఏ భూమి ఎవరి కంపెనీకి వెళ్లింది, ఏ రోడ్డు ఏ వెంచర్ పక్క నుంచి పోయింది అన్నది చూసేవాళ్లు లోకల్ విలేకరులు, ఇద్దరు ముగ్గురు ఆర్టీఐ వేసేవాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. భోగాపురం మండలం నెల్లిమర్ల నియోజకవర్గంలోనే ఉంది, ఎయిర్‌పోర్టు చుట్టూ భూముల రేట్లు ఎలా పోతున్నాయో అక్కడి రైతుని అడిగితే చెప్తాడు, కాబట్టి జిల్లాలో వచ్చే ఎన్నికల టికెట్ల లెక్క బజారు దగ్గర కంటే ఆ హైవే వెంబడే ఎక్కువ తేలబోతుంది.